ఆరు రాష్ట్రాల్లో ట్యాగ్‌లకు అప్లై చేశాను, ఏది ఎక్కడుందో నాకే తెలియడం లేదు

ప్రశ్న: నమస్తే అన్నా. నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. ఐటీ ఉద్యోగం, ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాను. మూడేళ్ల కిందట ఆఫీసు స్నేహితుడు ఒకాయన అడవిపందుల వేటకు తీసుకెళ్లాడు. అప్పటి నుంచి ఇదే లోకం. హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత కోర్సు) పూర్తి చేశాను, రైఫిల్ కొనుక్కున్నాను. పోయినేడాది ఎల్క్, మ్యూల్ డీర్ (రెండూ జింక జాతివే) కోసం వయోమింగ్, కొలరాడో, అరిజోనా, న్యూ మెక్సికో, యూటా, నెవాడా ఆరింటికీ అప్లై చేద్దామనుకున్నాను. యూటా డెడ్‌లైన్ దాటిపోయింది. అరిజోనాలో లైసెన్స్ కొన్నట్టు గుర్తుంది కానీ అప్లికేషన్ వెళ్లిందో లేదో ఇప్పటికీ తెలియదు. కొలరాడోలో నవంబర్ డీర్ ట్యాగ్ (వేట అనుమతి) వచ్చింది, సరిగ్గా అదే వారం గుంటూరులో మా చెల్లి పెళ్లి. కార్డు మీద ఏ డబ్బు ఎందుకు పోయిందో, ఏది తిరిగొస్తుందో మా ఆవిడ అడిగితే చెప్పలేకపోయాను. జనవరి దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. వీటన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టుకోవడం ఎలా?
- ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం: మీ ఉత్తరం చదవగానే నాకు మీరు అడగని విషయం ఒకటి కనబడింది. ముందు అది చెప్పి, తర్వాత మీ ప్రశ్నకు వస్తాను.

మీరు హెచ్-1బి మీద ఉన్నారు, ఇంట్లో రైఫిల్ ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనలాంటి వాళ్లకు పనికొచ్చేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ బాధ లేదు. మీకు ఉంది. టెక్సాస్ లైసెన్స్ మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. చాలామంది సీజన్ మొదలయ్యాక, అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో తీరిగ్గా రెన్యూ చేసుకుంటారు. వాళ్లకు అది మామూలు ఆలస్యం. వేరే రాష్ట్రం లైసెన్స్ ఏదీ చేతిలో లేకపోతే ఆ రెండు నెలలూ మీ ఇంట్లో రైఫిల్ ఉండటమే నేరం కావచ్చు, వీసా మీదికి రావచ్చు. అందుకని మీరు పెట్టుకోబోయే పద్ధతిలో మొదటి గడి ఏ ఎల్క్‌దో కాదు, టెక్సాస్ లైసెన్స్ గడువుది. కొత్త సంవత్సరం లైసెన్స్‌లు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి, వచ్చిన వారంలోనే కొనేయండి. దాని కాపీ ఫోన్‌లో ఒకటి, రైఫిల్ పెట్టెలో ఒకటి ఉంచండి. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మీ పరిస్థితి మాట్లాడి రాతపూర్వకంగా సలహా తీసుకోండి. ఆ ఫీజు రెండు మూడు అప్లికేషన్ల ఖర్చంత ఉండొచ్చు. అయినా సరే, అది ముందు చేయండి.

ఇక అసలు సంగతి. ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో పెద్ద జంతువుల వేటకు లైసెన్స్ ఒకటే సరిపోదు. ఫలానా జంతువు, ఫలానా ప్రాంతం, ఫలానా తేదీలు అని రాసిచ్చే అనుమతి కావాలి, దాన్నే ట్యాగ్ అంటారు. పశ్చిమ రాష్ట్రాల్లో అడిగేవాళ్లు ఎక్కువ, ట్యాగ్‌లు తక్కువ, కాబట్టి లాటరీ తీస్తారు, అదే డ్రా. చాలా రాష్ట్రాల్లో ఈసారి రాకపోతే ఒక పాయింట్ జమవుతుంది, అది వచ్చే ఏళ్లలో పనికొస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, ఏ రెండు రాష్ట్రాల పద్ధతీ ఒకటి కాదు. కొలరాడోలో డీర్, ఎల్క్‌కు ఎక్కువ పాయింట్లున్నవాళ్లది ముందు వరస. నెవాడాలో పాయింట్లను వర్గం చేసి ఒకటి కలుపుతారు, 5 పాయింట్లుంటే లాటరీలో మీకు 26 అవకాశాలు. వయోమింగ్ నాన్‌రెసిడెంట్లకు, అంటే బయటి రాష్ట్రాలవాళ్లకు, ఇచ్చే ఎల్క్ ట్యాగ్‌లలో 75 శాతం పాయింట్ల ప్రకారం, 25 శాతం ఎవరికైనా తగిలేలా ఇస్తుంది. న్యూ మెక్సికోలో అసలు పాయింట్లే లేవు, ప్రతి ఏడాదీ అందరూ ఒకే గీత మీద నిలబడతారు.

నేను కొలరాడోలో ఉంటూ బయటి రాష్ట్రాలకు అప్లై చేయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మొదట్లో నేనూ మీలాగే కనబడిన ప్రతి రాష్ట్రానికీ పెట్టాను. ఒక ఏడాది మార్చిలో నా క్రెడిట్ కార్డు నంబర్ ఎవరో దొంగిలిస్తే బ్యాంకు పాత కార్డు ఆపేసి కొత్తది పంపింది. కొత్త కార్డు పర్సులో పెట్టుకున్నాను, అంతటితో పని అయిపోయిందనుకున్నాను. మే నెలాఖరులో ఒక రాష్ట్రం డ్రాలో నా పేరు వచ్చింది. ఆ రాష్ట్రం పాత కార్డు మీద డబ్బు తీసుకోబోతే ఫెయిలైంది. డబ్బు కట్టమని మెయిల్ వచ్చింది. అది నేను రెండేళ్లుగా తెరవని పాత ఐడీకి వెళ్లింది. జూలైలో స్నేహితుడొకడు "నీకేం వచ్చిందిరా" అని అడిగితే లాగిన్ అయి చూశాను. గడువు దాటి ఇరవై రోజులు. ఆ రోజు రాత్రి వంటింట్లో బల్ల ముందు కూర్చుని, ఏ రాష్ట్రంలో ఏ మెయిల్ ఐడీ ఇచ్చానో, ఏ కార్డు పెట్టానో రాద్దామని పెన్ను తీసుకుంటే నాలుగు రాష్ట్రాలకు రాయగలిగాను, మిగతావి గుర్తు రాలేదు. ఇప్పుడు మీకు చెప్పేదంతా ఆ కాగితం నుంచి పుట్టిందే.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అప్లై చేశాను అనుకోవడం వేరు, అప్లికేషన్ వాళ్లకు అందిందన్న రుజువు చేతిలో ఉండటం వేరు. మీ అరిజోనా సంగతే చూడండి. అరిజోనాలో ఎల్క్ డ్రాకు అప్లై చేయాలంటే ముందు హంటింగ్ లైసెన్స్ కొనాలి, నాన్‌రెసిడెంట్‌కు 2024లో 160 డాలర్లు. మీరు అది కొన్నారు. డబ్బు పోయింది కాబట్టి పని అయిపోయిందని మనసు సర్దుకుంది. కానీ లైసెన్స్ వేరే కొనుగోలు, అప్లికేషన్ వేరే పని. యూటా, నెవాడా, కొలరాడోల్లోనూ ఏదో ఒక రూపంలో ముందు లైసెన్స్ అడుగుతారు, అక్కడా ఇలాగే జరుగుతుంది. చివర్లో కన్ఫర్మేషన్ నంబర్ తెర మీద కనబడి, దాని ఫొటో మీ ఫోల్డర్‌లోకి వెళ్లేదాకా ఆ రాష్ట్రం పూర్తికానట్టే లెక్క.

ఆరు రాష్ట్రాలు అవసరమా అన్నది ముందు ఆలోచించండి. నా మాట అడిగితే వచ్చే ఏడాదికి మూడు చాలు. ఒకటి, ఈ ఏడాదే వేటకు వెళ్లడానికి నిజంగా అవకాశం ఉన్నది. రెండోది, ఐదారేళ్ల తర్వాత మంచి చోటికి వెళ్లడానికి పాయింట్లు పోగేసుకునేది. మూడోది, పాయింట్లతో పని లేనిది, తగిలితే తగిలింది. మీకు మొదటిది కొలరాడో, రెండోది వయోమింగ్, మూడోది న్యూ మెక్సికో అనుకుందాం. యూటా, నెవాడా, అరిజోనా మంచివే. కానీ అక్కడ పేరున్న చోట్లకు ఇరవై ఏళ్ల పాయింట్లున్నవాళ్లు వరసలో ఉన్నారు, ప్రతి ఏటా లైసెన్స్ డబ్బులు తప్పవు. అరిజోనాలో ఒక జంతువుకు వరసగా ఐదేళ్లు అప్లై చేస్తే లాయల్టీ పాయింట్ ఇస్తారు, మధ్యలో ఒక్క ఏడాది తప్పినా అది పోతుంది. అంటే అక్కడ మొదలుపెడితే వదలకుండా చేయాలి. చేయలేననిపిస్తే మొదలే పెట్టకండి. పద్ధతి సగం ఇక్కడే కుదురుతుంది.

ఇంకో మాట. వయోమింగ్‌లో ఫెడరల్ విల్డర్‌నెస్ అని ప్రకటించిన ప్రాంతాల్లో నాన్‌రెసిడెంట్లు గైడ్ లేకుండా పెద్ద జంతువులను వేటాడకూడదు. మ్యాప్‌లో పచ్చగా, జనం లేకుండా కనబడిందని ఏరియా ఎంచుకుంటే ట్యాగ్ వచ్చాక చిక్కు. అలాగే ఎవరైనా అలాస్కా అని ఊరిస్తే గుర్తుంచుకోండి, అక్కడ అమెరికాలో స్థిర నివాసులు కారని చట్టం లెక్కేసే విదేశీయులకు ఏ పెద్ద జంతువుకైనా లైసెన్సున్న గైడ్ తప్పనిసరి. ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఇప్పుడు తేదీలు. మా ఇంట్లో గుడివాళ్లు ఇచ్చే తెలుగు క్యాలెండర్ వంటింటి తలుపు పక్కన వేలాడుతుంది. మా ఆవిడ అందులో పండగలు, ఏకాదశులు చూసుకుంటుంది. నేను ఎర్ర పెన్నుతో డ్రా తేదీలు గుర్తు పెడతాను. పదేళ్లు చూశాక నాకు రెండూ కలిసిపోయాయి. సంక్రాంతి అయ్యిందంటే వయోమింగ్ ఎల్క్, అరిజోనా ఎల్క్, రెండిటికీ గడువు ఫిబ్రవరి మొదటి రోజుల్లోనే. ఉగాది చుట్టూ న్యూ మెక్సికో, అది మార్చి మూడో వారం ప్రాంతంలో ముగుస్తుంది. శ్రీరామనవమి రోజుల్లో కొలరాడో, ఏప్రిల్ మొదటి మంగళవారం. యూటా ఏప్రిల్ నెలాఖరు వైపు. నెవాడా మే మధ్యలో. వయోమింగ్ డీర్, యాంటిలోప్, అరిజోనా డీర్ జూన్ మొదట్లో. దసరాకు వయోమింగ్ పాయింట్లు గుర్తు రావాలి. ఆ ఏడాది అక్కడ అప్లై చేయకుండా పాయింట్ మాత్రమే కొనుక్కోవాలంటే జూలై నుంచి అక్టోబర్ ఆఖరు దాకా కొనొచ్చు, ఎల్క్‌కు 52 డాలర్లు. వరసగా రెండేళ్లు అప్లికేషనూ లేక, పాయింటూ కొనకపోతే అప్పటిదాకా పోగేసినవన్నీ పోతాయి. అందుకే దసరా గుర్తు.

అసలు తేదీలు మాత్రం ప్రతి జనవరిలో ఆయా రాష్ట్రాల వైల్డ్‌లైఫ్ శాఖల పుస్తకాలు తెరిచి చూసి రాసుకోండి. పోయినేడాది తేదీని కాపీ చేయకండి. తేదీలే కాదు, రూల్సూ మారతాయి. కొలరాడోలో నాన్‌రెసిడెంట్లకు విల్లుతో ఎల్క్ వేటకు నేరుగా కౌంటర్లో ట్యాగ్ కొనుక్కునే వీలు ఎన్నో ఏళ్లు ఉండేది. 2025 నుంచి ఎల్క్ ఉండే దాదాపు అన్ని చోట్లా అదీ డ్రాలోకే వెళ్లింది. వేసవిలో కొందాంలే అని ఏప్రిల్ వదిలేస్తే ఆ ట్యాగ్ చేతికి రాకపోవచ్చు.

క్యాలెండర్‌లో గడువు రోజు మీద గుర్తు పెట్టకండి. దానికి పది రోజుల ముందు పెట్టండి, అదే మీ గడువు. ఫోన్‌లో మాత్రం రెండు అలారాలు, పది రోజుల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఇంకొకటి. ఆఖరి రోజు సైట్లు నెమ్మదిస్తాయి, పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ రాదు, బ్యాంకు అనుమానించి కార్డు ఆపేస్తుంది. గంటల సంగతి కూడా చూసుకోండి. కొలరాడో రాత్రి 8కి మూసేస్తుంది, అర్ధరాత్రికి కాదు. అది అక్కడి టైం, మీ ఫ్రిస్కోలో 9. వేసవి సెలవులకో పెళ్లికో ఇండియాలో ఉంటే, ఏప్రిల్‌లో ఆ 8 గంటలంటే గుంటూరులో మర్నాడు ఉదయం ఏడున్నర. బ్యాంకు ఓటీపీ అమెరికా నంబర్‌కు వస్తుంది, అక్కడ రోమింగ్ లేకపోతే అంతే. ప్రయాణం ఉన్న ఏడాది విమానం ఎక్కకముందే అన్నీ పెట్టేయండి.

ఇక షీట్. గూగుల్ షీట్ చాలు, దీనికి డబ్బులు పెట్టి యాప్ కొనక్కర్లేదు. ఒక రాష్ట్రంలో ఒక జంతువుకు ఒక వరస. వయోమింగ్ ఎల్క్ ఒక వరస, వయోమింగ్ డీర్ ఇంకో వరస, ఎందుకంటే వాటి గడువులు నాలుగు నెలల తేడాలో ఉంటాయి. గడులు మరీ ఎక్కువ పెట్టకండి, నింపలేక వదిలేస్తారు. ఆ రాష్ట్రంలో నా కస్టమర్ నంబర్. ఏ మెయిల్ ఐడీ. కార్డు ఆఖరి నాలుగు అంకెలు. గడువు, మన టైంలో. పెట్టిన ఛాయిస్‌లు, అంటే ఏ వేట కోరామో వాటి కోడ్‌లు. సీజన్ తేదీలు. కన్ఫర్మేషన్ నంబర్. కట్టిన డబ్బు, అందులో తిరిగొచ్చేది. డ్రాకు ముందు నా పాయింట్లు. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం: "తర్వాతి పని, ఎప్పుడు". ఆ గడి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. అప్లై చేశాక అక్కడ "మే 20 తర్వాత లాగిన్ అయి ఫలితం చూడాలి" అని ఉండాలి. ఫలితం చూశాక "పాయింట్ జమైందా చూడాలి" అని మారాలి. అది చూశాక వచ్చే ఏడాది తేదీ. షీట్‌ను ఆ గడి ప్రకారం వరసపెట్టుకుంటే, తెరవగానే పైన కనబడేదే ఈ వారం పని.

పాస్‌వర్డ్‌లు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఈ షీట్‌లో పెట్టకండి. వాటికి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. వేటకోసమే ఒక కొత్త జీమెయిల్ తెరిచి అన్ని రాష్ట్రాల్లోనూ అదే ఐడీకి మార్చండి. అందులో ఆఫీసు మెయిళ్లూ ఆఫర్లూ ఉండవు కాబట్టి వచ్చిన ప్రతిదీ చదువుతారు. అయినా ఫలితానికి మెయిల్‌ను నమ్ముకోకండి, లాగిన్ అయి కళ్లతో చూడండి.

ఛాయిస్‌ల గడి దగ్గర కాసేపు ఆగాలి. కొలరాడోలో ఏ వేట కోరుతున్నామో చెప్పే హంట్ కోడ్ ఇలా ఉంటుంది: డి, ఎం, 044, ఓ2, ఆర్. మొదటి అక్షరం డీర్. ఎం అంటే మగది. 044 యూనిట్, అంటే వేట ప్రాంతం, నంబర్. ఓ2 అంటే రెండో సీజన్, అక్కడున్నది ఓ అక్షరం, సున్నా కాదు. చివరి ఆర్ రైఫిల్. ఆ చివరి అక్షరం ఏ అయితే విల్లు, ఎం అయితే మజిల్‌లోడర్, అంటే గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీ. ఒక్క అక్షరం తేడాతో చేతిలో ఉన్న ఆయుధానికి పనికిరాని ట్యాగ్ వస్తుంది. నేను కోడ్‌ను షీట్‌లోకి పుస్తకంలో చూసి ఎక్కిస్తాను, సైట్‌లోకి షీట్ నుంచి ఎక్కిస్తాను, సబ్మిట్ నొక్కేముందు మా అబ్బాయిని పిలిచి తెర మీది కోడ్ పైకి చదవమంటాను, నేను పుస్తకం చూస్తూ వింటాను. వాడికి పదకొండేళ్లు. "నాన్నా, ఇది ఓనా, జీరోనా" అని వాడు అడిగిన ఏడాదే ఒక తప్పు దొరికింది. మీకు మీ ఆవిడ ఉన్నారు. ఆవిడను ఇందులోకి తీసుకురండి, డబ్బు సంగతీ సగం తీరిపోతుంది.

మన పేర్ల దగ్గర జరిగే తప్పు ఇంకోటి ఉంది, ఇది మన వాళ్లకే ప్రత్యేకం. పాస్‌పోర్ట్‌లో పెట్టిన పేరు మూడు ముక్కలు, ఇంటిపేరు ఒక ముక్క. వెంకట సాయి కృష్ణ అనే పేరును ఒక రాష్ట్రంలో మొత్తం ఫస్ట్ నేమ్‌గా పెడతాం, ఇంకోచోట వెంకట ఫస్ట్, సాయి కృష్ణ మిడిల్ అవుతుంది. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా వచ్చి డ్రైవింగ్ లైసెన్స్ మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ మీద ఇంకో రకం. రెండేళ్ల తర్వాత లాగిన్ కుదరక "కొత్త అకౌంట్" నొక్కితే ఇంకో స్పెల్లింగ్‌తో రెండో మనిషి పుడతాడు, పాయింట్లు మొదటి మనిషి దగ్గర ఉండిపోతాయి. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే అన్నిచోట్లా పెట్టండి, ఏ రాష్ట్రంలో ఏ ముక్క ఏ గడిలో వేశారో షీట్‌లో రాయండి. లాగిన్ కుదరకపోతే కొత్తది తెరవకండి, ఆ శాఖకు ఫోన్ చేయండి. నేను ఎప్పుడు ఫోన్ చేసినా ఓపిగ్గా మాట్లాడి సరిచేశారు. ఫిబ్రవరి గడువు రోజు తప్ప ఏ రోజైనా చేయండి.

ఇల్లు మారినా అంతే. కొన్ని ట్యాగ్‌లు ఇంకా కాగితం మీదే పోస్టులో వస్తాయి. పాత అపార్ట్‌మెంట్ డబ్బాలో మీ ట్యాగ్ పడి ఉంటే అడవిలో మీ దగ్గర ఏమీ లేనట్టే. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడ రెసిడెంట్ ధర దక్కడానికి ఎన్నాళ్లు ఉండాలో చూసుకోండి. కొలరాడోలో ఆరు నెలలు, వయోమింగ్‌లో పూర్తి సంవత్సరం. ఒక్క రోజు ముందు రెసిడెంట్ అని టిక్ పెట్టినా అది చిన్న తప్పుగా చూడరు, వీసా మీద ఉన్నవాళ్లకు ఇలాంటి కేసు అస్సలు మంచిది కాదు.

డబ్బు విషయం. రాష్ట్రాలు రెండు రకాలు. వయోమింగ్, న్యూ మెక్సికో ట్యాగ్ డబ్బంతా ముందే తీసుకుంటాయి, రాకపోతే అప్లికేషన్ ఫీజు పట్టుకుని మిగతాది తిప్పి పంపుతాయి. కొలరాడో, అరిజోనా ముందు చిన్న ఫీజు తీసుకుని, ట్యాగ్ వస్తేనే కార్డు మీద మిగతాది లాగుతాయి. వయోమింగ్‌లో నాన్‌రెసిడెంట్ ఎల్క్‌కు 2024లో మామూలు ధర 692 డాలర్లు, పోటీ తక్కువగా ఉంటుందని ఎంచుకునే స్పెషల్ ధర 1,950. ఫిబ్రవరిలో పోయిన ఈ డబ్బు మే దాకా చేతికి రాదు, అందాకా కార్డు వడ్డీ మీదే. కాబట్టి మీ ఆవిడకు చూపించే కాగితంలో మూడు లెక్కలు ఉండాలి: తిరిగిరానిది, తిరిగొచ్చేది, ట్యాగ్ వస్తే కట్టాల్సింది. మూడోదాన్ని ఎవరూ రాయరు. వేటకు మాత్రమే ఒక కార్డు పెట్టుకోండి, దాంతో పెట్రోలు కూడా కొట్టించకండి. ఎంత తక్కువ చోట్ల వాడితే నంబర్ దొంగతనమయ్యే భయం అంత తక్కువ. ఆ కార్డు మారితే అదే రోజు షీట్ తెరిచి, పెండింగ్‌లో ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ మార్చండి.

ఇప్పుడు చెల్లెలి పెళ్లి. అది చదివి నాకు బాధేసింది, ఎందుకంటే దీన్ని ముందే పట్టుకోవచ్చు. వయోమింగ్, కొలరాడో, నెవాడా ఫలితాలు మేలో గానీ, జూన్ మొదట్లో గానీ వస్తాయి. ఈ మూడింటికీ మీరు ఫలితాలు తెలియకముందే అప్లై చేసి ఉంటారు. వీటిలో రెండు చోట్ల ఒకే వారానికి ట్యాగ్ తగలొచ్చు. ట్యాగ్ వెనక్కి ఇచ్చేందుకు ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో షరతు, డబ్బు చాలాసార్లు రాదు. అందుకే సీజన్ తేదీల గడిని అప్లై చేయకముందే నింపాలి. జనవరిలో ఇంట్లో కూర్చుని ముందు సెలవులు, పెళ్లిళ్లు, వీసా స్టాంపింగ్ ప్రయాణం, పిల్లల పరీక్షలు క్యాలెండర్‌లో కొట్టేయండి. కార్తీకంలో ముహూర్తాలు ఎక్కువ, ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే నవంబర్ సీజన్ జోలికి వెళ్లకండి, అక్టోబర్ పెట్టండి. నిజంగా తగిలే అవకాశమున్న అప్లికేషన్ ఏడాదికి ఒకటే ఉంచండి, మిగతావి పాయింట్‌కో, అరుదుగా తగిలేవాటికో. పరిస్థితి మారితే వయోమింగ్‌లో నాన్‌రెసిడెంట్ ఎల్క్ అప్లికేషన్‌ను మే మొదటివారం దాకా మార్చుకోవచ్చు, తీసేసుకోవచ్చు. ఆ తేదీ కూడా షీట్‌లో ఉండాలి.

స్నేహితుడితో కలిసి గ్రూప్‌గా పెట్టేటప్పుడు కూడా ఆలోచించండి. కొలరాడోలో గ్రూప్‌లో అందరికన్నా తక్కువ పాయింట్లున్నవాడి లెక్కే అందరికీ వర్తిస్తుంది. వయోమింగ్‌లో సగటు తీస్తారు. అక్కడ మీకు ఒక్క పాయింట్, ఆయనకు ఆరు ఉంటే లెక్క మూడున్నరకు దిగుతుంది. ఆయన సరేనన్నా మీరు ముందు ఈ లెక్క ఆయనకు చూపించండి.

సీజన్ అయ్యాక కూడా పని ఉంటుంది, చాలామంది వదిలేసేది ఇదే. న్యూ మెక్సికోలో ట్యాగ్ వచ్చినవాళ్లు జంతువు దొరికినా దొరకకపోయినా హార్వెస్ట్ రిపోర్ట్ ఇవ్వాలి. డీర్, ఎల్క్‌కు ఫిబ్రవరి 15 గడువు. ఇవ్వకపోతే మార్చి అప్లికేషన్ తిరస్కరిస్తారు. నెవాడా జనవరి 31కి అడుగుతుంది. అసలు వేటకే వెళ్లకపోయినా ఇవ్వాలి. జంతువులు ఎన్ని ఉన్నాయో, వచ్చే ఏడాది ట్యాగ్‌లు ఎన్ని ఇవ్వాలో ఈ రిపోర్టులు చూసే లెక్క వేస్తారు. మన ఊళ్లో పెద్దవాళ్లు "వేట తప్పు కదరా" అంటే నేను వాళ్లకు చెప్పేది కూడా ఇదే. ఇండియాలో 1972 చట్టం ప్రకారం అది నేరం, అక్కడ అలాగే ఉండాలి. ఇక్కడ 1937 నుంచి తుపాకులు, తూటాల మీద ఫెడరల్ పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తోంది, మనం కట్టే ట్యాగ్ డబ్బూ అక్కడికే చేరుతుంది. లెక్క ప్రకారం జరిగినంత కాలమే ఇది సరైన పని, ఆ లెక్కలో మన రిపోర్ట్ కూడా ఒక అంకె.

ఈ వారం మీరు చేయాల్సింది పెద్దగా లేదు. అరిజోనా పోర్టల్‌లో లాగిన్ అవ్వండి. బోనస్ పాయింట్ల పేజీలో ఎల్క్ పక్కన 1 ఉంటే అప్లికేషన్ వెళ్లినట్టు, సున్నా ఉంటే వెళ్లనట్టు. ఏదున్నా ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడే లైసెన్స్ కొన్న తేదీ చూడండి. అది 365 రోజులది. ఫిబ్రవరి గడువు రోజుకు ఇంకా చెల్లుబాటులో ఉంటే, అరిజోనా కొనసాగించాలనుకుంటే, మళ్లీ లైసెన్స్ డబ్బు కట్టక్కర్లేదు. తర్వాత కొలరాడోలో మీరు వదులుకున్న ట్యాగ్ తర్వాత డీర్ పాయింట్లు ఎన్ని మిగిలాయో చూసి షీట్ మొదటి వరసలో రాయండి. టెక్సాస్ లైసెన్స్ మీద తేదీ మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే చూడండి.